అర నూలు తేడా

సలీం మా గుమ్మంలోకి వచ్చినప్పుడు గోడ గడియారంలో పదకొండుకు పది నిమిషాలు తక్కువ. ఆ గడియారం రోజుకు ఒక నిమిషం వెనకబడుతుంది, నేను దాన్ని ముందు రోజే సరిచేశాను, కాబట్టి తొమ్మిది నిమిషాలు అనుకోవాలి. వరండాలో కూర్చుని చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. ఈ రోజుల్లో సంచీల్లో కట్టి అమ్మే పప్పులో రాళ్ళుండవు. అయినా ఏరుతాను. మెట్ల మీద చేతికర్ర చప్పుడు వినిపించింది. మా మెట్లు పదహారు. ఎవరో పదో మెట్టు మీద ఆగి, ఊపిరి తీసుకుని, మిగిలిన ఆరూ ఒక్క దమ్మున ఎక్కారు. తలెత్తి చూస్తే తెల్ల గడ్డం, మడత నలగని కుర్తా, చేతిలో చుట్టిన కాగితం ఒకటి. "ఏటప్పా, గుర్తు పట్టావా?" అన్నాడు. వాట్‌గంజ్‌లో నన్ను అప్పా అని, అంటే మా వైపు మాటలో అక్కా అని, పిలిచే మగవాళ్ళు ఇద్దరే. ఒకడు నా తమ్ముడు సూరి. వాడు ఆ పొద్దున కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. రెండోవాడు మా ఇంటి మెట్లెక్కి యాభై ఏళ్ళకు రెండు తక్కువ. చేట పక్కన పెట్టి లేచాను. మోకాళ్ళ వల్ల మెల్లగా లేచానని అతను అనుకుని ఉంటాడు. మోకాళ్ళ వల్ల కాదు.

అతని చేతిలో ఉన్న కాగితం మా సూరి బ్యాండు పోస్టరు. బ్యాండు పేరు 'జెట్టీ'. జమైకా దేశపు రెగ్గే పాటలు పాడే బ్యాండు. కలకత్తాలో ఆ పాట ఏమిటో పదిమందికి తెలియని రోజుల్లో మా డాబా మీద పుట్టింది. వయసు యాభై ఒకటి. ఈ కాలంలో డ్రమ్ములు వాయించినవాళ్ళు ఐదుగురు మారారు, కీబోర్డు వాళ్ళు నలుగురు, పాడిన ఆడపిల్లలు ఇద్దరు. మారనివాడు సూరి ఒక్కడే. వచ్చే నెల ఆఖరి కచేరీ అని ఆ పోస్టరు మీద ఉంది. కచేరీలన్నిటి తేదీలూ నా పుస్తకంలో ఉన్నాయి, చదివేవాళ్ళకు వాటితో పనిలేదు కనుక ఇక్కడ రాయను. వాటిలో మొదటి మూడేళ్ళ గురించే చెప్పదలిచాను. అందులోనూ ముఖ్యంగా నాలుగు రోజుల గురించి.

మా నాన్న రేవులో టాలీ గుమాస్తా. ఓడలోకి ఎక్కే బస్తాలనూ దిగే బస్తాలనూ జెట్టీ మీద నిలబడి లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఏటవాలుగా ఐదోది, అదొక కట్ట. రోజంతా ఆ కట్టలు గీసి గీసి ఇంటికి వచ్చాక కూడా ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. అమ్మ రొట్టెలు కాలుస్తుంటే పక్కన కూర్చుని బొగ్గు ముక్కతో నేల మీద గీసేవాడు. శ్రీకాకుళం దగ్గర ఊరి నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయినా ఆయన పొద్దున్నే తాగేది చోడి అంబలే, అంటే రాగి జావే. ఉల్లిపాయ కొరుక్కుంటూ, నిలబడే తాగేవాడు. కూర్చుంటే ఓడ వెళ్ళిపోతుందన్నట్టు ఉండేది ఆయన వాలకం. సాయంత్రం వచ్చేసరికి ఒంటి నిండా జనపనార పీచు, తారు వాసన. అమ్మ ఆయన చొక్కాను మిగతా బట్టలతో కలిపి తడిపేది కాదు, విడిగా ఇత్తడి బేసిన్‌లో నానబెట్టేది. ఆ నీళ్ళు పారబోస్తే వీధి కాలవ పొడుగునా రేవు వాసన వేసేది. బొగ్గుల పొయ్యి పొగ, పక్కింటి ఆవనూనె, మా ఇంటి ఎండుచేపల పులుసు, అన్నీ కలిసి మా సందుకు ఒక వాసన ఉండేది. ఇప్పుడు ఆ సందులో ఏ వాసనా లేదు. రేవులో సరుకంతా ఇనప పెట్టెల్లో వస్తోంది, వాటిని కంప్యూటరు లెక్కపెడుతుంది. నాన్న లాంటి మనిషికి అక్కడ నిలబడే చోటు కూడా లేదు.

నాన్న లెక్క తప్పడని రేవంతా పేరు. ఆ పేరు నాకు వారసత్వంగా వచ్చింది. నాకు ఏడేళ్ళప్పుడు ఆయనతో జెట్టీకి వెళ్ళి, ఒక పూటంతా పక్కన నిలబడి నా పలక మీద నేనూ గీశానట. సాయంత్రానికి ఆయన లెక్కా నా లెక్కా ఒకటే. అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా ఆయన చెప్పే మాట ఒకటే. "మా పెద్దదానికి తప్పు రాదు." నేను ఆ మాట వింటూ పెరిగాను. అది పొగడ్త అనుకున్నాను. నిజానికి అది ఒక పని. ప్రతి రోజూ చెయ్యాల్సిన పని.

నాకు ఇరవై, సూరికి పదిహేడు ఉన్నప్పుడు జమైకా మనిషి ఒకడు మరమ్మతుకు వచ్చిన ఓడలో వంటవాడుగా వచ్చి మూడు నెలలు రేవులో ఉండిపోయాడు. నాన్నా అతనూ ఒకరి భాష ఒకరికి రాకుండానే స్నేహితులయ్యారు. వెళ్ళేటప్పుడు నాన్నకు ఒక చిన్న గ్రామఫోను రికార్డు ఇచ్చాడు. రెండు వైపులా రెండు పాటలు. మా ఇంట్లో సూట్‌కేసులా మూత తెరిచే రికార్డు ప్లేయరు ఒకటి ఉండేది. తీరా పెట్టబోతే ఆ రికార్డు మధ్య కన్నం రూపాయి బిళ్ళంత వెడల్పు. మా ప్లేయరు మధ్యలో ఉన్న చువ్వ పెన్సిలంత సన్నం. పెడితే అటూ ఇటూ జారిపోతోంది. అలాంటి రికార్డులకు మధ్యలో ఒక చక్రం పెట్టాలని, అది దుకాణాల్లో దొరుకుతుందని మాకు తెలియదు. సూరి ఏడుపు మొహం పెట్టాడు. నేను అమ్మ పాత హవాయి చెప్పు తీసుకుని, జామెట్రీ పెట్టెలో వృత్తలేఖినితో కొలత గీసి, బ్లేడుతో గుండ్రంగా చెక్కాను. మేకు కాల్చి మధ్యలో కన్నం పెట్టాను. రికార్డు బిగుతుగా కూర్చుంది. "తప్పు రాదని చెప్పానా లేదా?" అన్నాడు నాన్న.

ఆ పాటను వరసగా రెండుసార్లు పెట్టుకుని విన్నాం. దెబ్బ పడుతుందనుకున్న చోట పడదు. ఆ చోటు ఖాళీగా వదిలేసి తరవాత పడుతుంది. నాన్నే ముందు పోల్చాడు. కళాసీలు బరువెత్తేటప్పుడు మొదటి లెక్కకు ఊపిరి పీలుస్తారు, రెండో లెక్కకే బస్తా లేస్తుంది, ఇదీ అంతే అన్నాడు. దానికి తోడు ఆ రికార్డులో ఇంకో సంగతి ఉంది. పాట తిన్నగా సాగేది కాదు. ప్రతి రెండు దెబ్బలకూ ఒకసారి స్వరం కొంచెం కుంగి మళ్ళీ లేచేది, కట్టేసిన పడవ అలకు లేచి దిగినట్టు. ఆ ఊగు సూరికి పిచ్చి పట్టించింది. సముద్రం పక్క పుట్టిన పాట కాబట్టి అలా ఊగుతుందని వాడే నిర్ణయించేశాడు.

సలీం అప్పుడు వచ్చాడు. ఏక్‌బాల్‌పూర్‌లో ఓడ సిబ్బందికి యూనిఫారాలు కుట్టే దర్జీ కొడుకు, సూరి ఈడువాడు. నాన్న చొక్కాకు బొత్తాలు కుట్టి తెచ్చిన సాయంత్రం పాట విని డాబా మెట్ల మీదే కూలబడిపోయాడు. మర్నాడు టీ ఎగుమతి చేసే చెక్కపెట్టె ఒకటి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. దాన్ని బోర్లించి, మధ్యలో కన్నం పొడిచి తాడు దూర్చి ముడివేసి, తాడు రెండో కొసను చీపురుకర్రకు కట్టాడు. కర్రను వెనక్కి లాగితే స్వరం పైకి, ముందుకు వంచితే కిందికి. రికార్డులో ఊగు వచ్చిన ప్రతిసారీ ఆ కర్రను వేలెడంత వంచి మళ్ళీ లాగేవాడు. గిటారు తీగ మీద సూరి ఎంత కష్టపడ్డా రానిది ఆ చీపురుకర్రకు వచ్చేసింది. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా సాధన. ఆరు గంటలకు అమ్మ డాబా మీద ఆరేసిన బట్టలు తీసే వంకతో వచ్చేది, అంటే ఇక ఆపమని. ఆ పాటలు వింటే పప్పు రుబ్బుతూ రుబ్బుతూ కునుకు పడుతోందని సణిగేది. అయినా సలీంకు తన చేతి మెంతి మజ్జిగ ఇవ్వకుండా ఎప్పుడూ పంపలేదు. వాడు మా ఇంటి తెలుగు అలా గ్లాసులు గ్లాసులుగా నేర్చుకున్నాడు.

మొదటి మూడేళ్ళలో వాళ్ళు దుర్గాపూజ పందిళ్ళలో పాడారు, లిలువాలో రైల్వే వాళ్ళ పండగలో పాడారు, ఒక పెళ్ళిలో సగం పాడాక దింపేశారు. రెండు పాటల నుంచి ఇరవై పాటలు చేసుకున్నారు. మాటలు బెంగాలీ, హిందీ, తెలుగు, ఏది నోటికొస్తే అది. కానీ ప్రతి పాటలోనూ ఆ ఊగు ఉండేది. జనం వాళ్ళను పేరుతో అడిగేవారు కాదు. "ఆ ఊగే బ్యాండు" అనేవారు.

ఇక ఆ నాలుగు రోజులు. రికార్డు అట్టకవరు చిరిగి పీలికలైపోయింది. సలీం దానికి గుడ్డతో కవరు కుడతానని పట్టుకెళ్ళాడు. అప్పుడే నాకు బళ్ళో లెక్కల పంతులమ్మ ఉద్యోగం వచ్చింది, చేరి పదకొండు రోజులు. సెలవు రోజున ఇల్లు దులుపుతూ ప్లేయరు మూత తీశాను. నా చెప్పు చక్రం చువ్వ మీదే ఉంది. ఊరికే వేలితో తిప్పాను. చక్రం అంచు చువ్వకు ఒక పక్క దగ్గరగా, ఇంకో పక్క దూరంగా తిరిగింది. జామెట్రీ పెట్టె తెచ్చి కొలిచాను. వడ్రంగులు అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేసి ఒక్కో భాగాన్ని నూలు అంటారు. నేను పెట్టిన కన్నం నడిమధ్య నుంచి అర నూలు పక్కకు ఉంది. మేకు కాల్చి గుచ్చేటప్పుడు రబ్బరు కరిగి జారి ఉంటుంది. రికార్డు నడిమి తప్పి తిరుగుతోంది. నిమిషానికి నలభై ఐదు చుట్లు. చుట్టుకోసారి స్వరం కుంగి లేస్తోంది. సముద్రం కాదు, జమైకా కాదు. నా తప్పు.

నేనప్పుడు చేసిన పని ఇప్పుడు రాస్తుంటే నాకే వింతగా ఉంది. ఎవరికైనా చెప్పాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. తప్పు దిద్దెయ్యాలని అనిపించింది, పిల్లల నోటుపుస్తకంలో దిద్దినట్టు. అదే జతలో రెండో చెప్పు ఇంకా మంచం కింద ఉంది. దాన్ని చెక్కి, ఈసారి మూడుసార్లు కొలిచి, చల్లటి మేకుతో కన్నం పెట్టి చువ్వకు తొడిగాను. పాత చక్రాన్ని కొంగులో పెట్టుకుని వెళ్ళి వంతెన మీద నుంచి కాలవలో పడేశాను. అది మునగలేదు. చాలాసేపు తేలుతూ పోయింది.

నాలుగో రోజు సలీం వచ్చాడు. ఓడ అధికారుల కోట్లు కుట్టగా మిగిలిన ముదురు నీలం గుడ్డతో కవరు, లోపల మెత్తటి అస్తరు, మూలన తెల్లదారంతో లంగరు బొమ్మ. అంత చక్కని పనితనం నేను అంతకుముందు చూడలేదు. సూరి మురిసిపోయి రికార్డు తీసి పెట్టాడు. పాట తిన్నగా వచ్చింది. గీత గీసినట్టు సాగిపోయింది. సూరి ముల్లు ఎత్తి మళ్ళీ పెట్టాడు. రెండో వైపు తిప్పి పెట్టాడు. తరవాత సలీం వైపు తిరిగాడు. "ఏటి చేసినావురా దీన్ని? మీ దుకాణంలో ఇస్త్రీ పెట్టె దగ్గర పడీసినావు కదా. వేడికి పాటంతా చచ్చిపోయింది." సలీం మొహం తెల్లబోయింది. అలాటిదేం లేదన్నాడు. సూరి వినలేదు. దర్జీ వాడికి గుడ్డ విలువ తెలుస్తుంది గానీ పాట విలువేం తెలుస్తుందన్నాడు. పదిహేడేళ్ళ నుంచి ఇరవై దాకా రోజూ పక్కపక్కన కూర్చున్న స్నేహితుడిని అనాల్సిన మాట కాదది.

నేను అదే గదిలో ఉన్నాను. బెండకాయలు తరుగుతున్నాను. వేడి తగిలితే రికార్డు వంకరపోతుంది గానీ వంకరది తిన్నగా అవదు. ఈ చిన్న సంగతి వాళ్ళిద్దరికీ తట్టలేదు. నాకు తట్టింది. ఒక్క మాట చాలు. నాన్న పడక్కుర్చీలో ఉన్నాడు. నేను బెండకాయలు తరిగాను.

సలీం మర్నాడు రాలేదు. ఆ తరవాతా రాలేదు. టీ పెట్టె మా డాబా మీద ఒక వానాకాలమంతా తడిసి పొరలు పొరలుగా విడిపోయింది. సూరి ఆ రికార్డును నీలం కవరులో పెట్టి ట్రంకుపెట్టె అడుగున పడేసి మళ్ళీ వినలేదు. ఊగు మాత్రం తన చెవిలో ఉందని దాన్నే పాడుతూ పోయాడు. లిలువా వర్కుషాపులో పనిచేసే ఒకతను బేస్ గిటారుతో వచ్చి చేరాడు. డిస్కో రోజులు వచ్చాయి. పార్కు స్ట్రీటు హోటలు మేనేజరు ఒకడు కొంచెం వేగంగా, కొంచెం తిన్నగా వాయించమంటే సూరి గిటారు పెట్టెలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. పదకొండుమంది శ్రోతలకు పాడిన సాయంత్రాలున్నాయి. ఆ పదకొండులో నేనూ ఒకదాన్ని. సూరి రేవులో గుమాస్తాగా పనిచేసి, రిటైరై, భార్యను పోగొట్టుకుని, ఏం జరిగినా వారానికి మూడు సాయంత్రాలు సాధన మానలేదు. ఇప్పుడు సాల్ట్ లేక్ ఆఫీసుల్లో పనిచేసే హైదరాబాదు, వైజాగు పిల్లలు వచ్చి వాడి చుట్టూ కూర్చుని, ఈ ఊగు ఎక్కడిది అంకుల్, ప్రపంచంలో ఇంకెవరూ ఇలా వాయించరు అంటారు. మధ్యలో క్యాసెట్ల కాలంలో అసలు పాట ఎక్కడో దొరికి ఎవరో తెచ్చి పెట్టారు. నేను వంటింట్లో పొయ్యి ఆర్పి విన్నాను. పాట తిన్నగా వచ్చింది. సూరి మొత్తం విని, "రెండోసారి రికార్డు చేసినప్పుడు చెడగొట్టుకున్నారు" అన్నాడు. అంతే.

చెప్పడానికి రోజులు లేక కాదు. మొదట నాన్న ఉన్నాడని చెప్పలేదు. ఆయన పోయాక, ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళు ఎందుకు దాచావంటారని చెప్పలేదు. ముప్పై నాలుగేళ్ళు పిల్లల తప్పుల కింద ఎర్ర సిరాతో గీత గీశాను. ఏక్‌బాల్‌పూర్ మా ఇంటి నుంచి నడిస్తే ఇరవై రెండు నిమిషాలు. చేపలకు వెళ్ళినప్పుడు ఆ దర్జీ వీధి తప్పించి చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని, అప్పుడు ముప్పై ఒకటి.

సలీంకు మంచినీళ్ళిచ్చి కుర్చీ వేశాను. మందుల షాపు గోడ మీద పోస్టరు చూసి చింపి తెచ్చుకున్నాడట. దుకాణం కొడుకులు చూసుకుంటున్నారు. తనకు చెయ్యి వణుకు వచ్చి సూదిలో దారం ఎక్కడం లేదు. ఆఖరి కచేరీ అంటున్నారు కాబట్టి ఆలోగా సూరికి ఒక మాట చెప్పాలని వచ్చానన్నాడు. ఏమిటని అడిగాను. చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నేల వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ రోజు నేను అబద్ధమాడినాను అప్పా. రికార్డు ఇస్త్రీ బల్ల మీదే పెట్టినాను. ఒక్క మధ్యాహ్నం. కవరు కుట్టే ధ్యాసలో మరిచిపోయినాను. సూరి అన్నది నిజమే. ఒప్పుకోడానికి నోరు రాలేదు, మొహం చూపించడానికి సిగ్గేసింది. ఇప్పుడు చెప్పీసి వెళ్ళిపోతాను."

నేను విన్నాను. విని, ఏం చేశానో దాచకుండా రాయాలి. ఆలోచించాను. సూరి ఒక గంటలో వస్తాడు. ఇతను క్షమాపణ చెబుతాడు. సూరి మనసు వెన్న, వెంటనే కౌగలించుకుంటాడు. పాత స్నేహితులు కలుస్తారు, ఆఖరి కచేరీలో పక్కపక్కన కూర్చుంటారు. నేను నోరు విప్పకపోతే అందరికీ మంచే జరుగుతుంది. నా పేరూ ఉంటుంది. ఇంతకంటే తేలికగా లెక్క సరిపోయే దారి ఇంకొకటి లేదు. ఆ మాట మనసులో అనుకున్నాక సలీం మొహం చూశాను. ఇరవై ఏళ్ళవాడిగా మా ఇంట్లోంచి వెళ్ళాడు. తాను చెయ్యని తప్పును నమ్మి, అరవై ఎనిమిదేళ్ళ మనిషై దాన్ని ఒప్పుకోడానికి పదహారు మెట్లు ఎక్కాడు. ఇప్పుడు నా ఎదురుగా ఉన్నది నాన్న కాదు, అతను. చెప్పేశాను. చెప్పు, కన్నం, అర నూలు, రెండో చెప్పు, కాలవ, బెండకాయలు. ఒక్కటీ వదల్లేదు.

కింద వీధిలో బంగాళదుంపల బండివాడు అరుచుకుంటూ వెళ్ళాడు. తరవాత సలీం అడిగాడు. "అయితే నేను చెడగొట్టలేదా?"

"లేదు. ఆ రికార్డుకు ఏమీ అవలేదు. నువ్వు తెచ్చిన రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలానే ఉంది."

"ఒక్క మధ్యాహ్నం కోసం," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నన్ను తిడతాడని ఎదురుచూశాను, తిట్టాలని కూడా కోరుకున్నాను. అతను నా వైపు చూసి, "ఎన్ని రోజులయిందో నువ్వు లెక్కేసే ఉంటావు. చెప్పకు. వింటే ఇప్పుడు కోపమొస్తాది," అన్నాడు. చెప్పలేదు. వేసే ఉంచాను మరి.

సూరి పన్నెండుంబావుకు వచ్చాడు. కంట్లో చుక్కలు వేశారు కాబట్టి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని గోడ పట్టుకుంటూ వచ్చాడు. కుర్చీలో మనిషి ఆకారం కనిపించి, గ్యాసువాడు వచ్చాడా అని నన్ను అడిగాడు. "కాదు భాయీ, టీ పెట్టెవాడు," అన్నాడు సలీం. సూరి అక్కడే ఆగిపోయాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకోకముందే, కన్నీళ్ళు మొదలవకముందే చెప్పెయ్యాలని, నిలబడినవాడిని నిలబెట్టే మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. రెండోసారి చెప్పడం తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

సూరి కళ్ళద్దాలు తీశాడు. నాకేసి చూశాడు గానీ చుక్కల వల్ల నేను సరిగా కనిపించి ఉండను. "చెప్పు సంగతి సరే," అన్నాడు నెమ్మదిగా. "నా చేత వీణ్ణి అన్ని మాటలు అనిపించినావు అప్పా. బెండకాయలు తరుక్కుంటూ విన్నావు." అవునన్నాను. వాడు ఏనాడూ నాతో గొంతు పెంచలేదు, అప్పుడూ పెంచలేదు. ఆ నెమ్మదితనమే నాకు తగలాల్సిన చోట తగిలింది. తరవాత తడుముకుంటూ వెళ్ళి సలీం పక్కన కూర్చున్నాడు. భుజం వెతికి దాని మీద చెయ్యి వేశాడు. ఏం మాట్లాడతాడోనని నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. కాసేపు పోయాక వాడి కడుపు కదిలింది. నవ్వుతున్నాడు. "అయితే యాభై ఒక్క ఏళ్ళూ నేను వాయించింది హవాయి చెప్పునా?" అన్నాడు. "సాల్ట్ లేక్ పిల్లలకు ఏటి చెప్పాలిప్పుడు?" సలీం, అది మీ అమ్మ చెప్పు కాబట్టి గౌరవంగా చెప్పమన్నాడు.

నేను వాళ్ళకు అన్నం పెట్టాను. మిగిలిన కందిపప్పు ఏరకుండానే వండేశాను, టైము లేక. తింటూనే తగువు మొదలయింది. సలీం కర్రను దెబ్బకు ముందు వంచేవాడని సూరి, దెబ్బతోపాటే వంచేవాణ్ణని సలీం. ఆఖరి కచేరీకి టీ పెట్టె కావాలని సూరి అన్నాడు. ఇప్పుడు టీ కాగితపు సంచుల్లో వెళ్తోందని, చెక్కపెట్టెలు ఎక్కడా లేవని సలీం అన్నాడు. చెయ్యి వణుకుతుంటే కర్ర ఎలా పడతావని సూరి అడిగితే, ఊగడమే కదా కావలసింది, ఇప్పుడు దానంతటదే ఊగుతుందన్నాడు. ఇద్దరూ పొలమారేలా నవ్వారు. నేను గిన్నెలు తీసి లోపలి గదిలోకి వెళ్ళి ఒక్క నిమిషం నడుం వాల్చుదామని పడుకున్నాను. పగలు నిద్రపోవడం నా జీవితంలో జ్వరం వచ్చినప్పుడు తప్ప లేదు. ఆ రోజు పోయాను. గాఢంగా, కలలేమీ లేకుండా, నోరు తెరుచుకుని పోయి ఉంటాను.

మెలకువ వచ్చేసరికి గోడ మీద ఎండ పక్కింటి వైపు తిరిగిపోయింది. వరండాలో వాళ్ళింకా అదే తగువులో ఉన్నారు, కర్ర ముందా దెబ్బ ముందా అని. సలీం విసిగిపోయి, "ఇంకెందుకు, అప్పను అడుగు. ఆవిడ తప్పు చెప్పదు కదా," అన్నాడు.

"చెప్తాది," అన్నాడు సూరి. "బాగానే చెప్తాది."

ఇద్దరూ గట్టిగా నవ్వారు. వాళ్ళకు నేను లేచానని తెలియదు. మంచం మీద అలాగే పడుకుని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేనూ నవ్వాను.